మొక్క ఎక్కడెక్కడ పెరుగుతుందో తెలుసుకోవడం ఎలా? విభాజ్య కణజాలాలను స్వయంగా పరిశీలించే పద్ధతి

ఒక చెట్టు మాను మీద, నేలకు నాలుగడుగుల ఎత్తున ఎవరో చెక్కిన అక్షరాలు ఇరవై ఏళ్ల తరువాత చూసినా అదే నాలుగడుగుల ఎత్తున ఉంటాయి. ఈలోగా చెట్టు రెండింతలు ఎత్తు పెరిగి ఉండవచ్చు. అక్షరాలు మాత్రం పైకి జరగవు. అడ్డంగా సాగి, అంచులు ఉబ్బి కనిపిస్తాయి. ఈ ఒక్క సంగతిని నిదానంగా ఆలోచిస్తే మొక్కల పెరుగుదలలోని కీలకం సగం బోధపడుతుంది. జంతువు ఎదిగే వయసులో దాని శరీరంలోని అవయవాలన్నీ కలిసి పెరుగుతాయి. మొక్క మాత్రం కొత్త కణాలను పుట్టించే పనిని కొన్ని నిర్ణీతమైన చోట్లకే అప్పగించి, అక్కడ పుట్టిన కణాలను ఒక్కొక్క పనికి స్థిరపరుస్తూ, ఆ చోట్లను మాత్రం జీవితాంతం లేతగా కాపాడుకుంటుంది. ఆ లేత చోట్లలో ఉండేదే విభాజ్య కణజాలం. స్విట్జర్లాండ్‌కు చెందిన వృక్షశాస్త్రవేత్త కార్ల్ నెగెలి 1858లో దీనికి ‘మెరిస్టెమ్’ అని పేరు పెట్టాడు. ‘విభజన పొందినది’ అనే అర్థం గల గ్రీకు మాట దానికి మూలం.

అగ్ర విభాజ్య కణజాలం, మధ్యస్థ విభాజ్య కణజాలం, పార్శ్వ విభాజ్య కణజాలం అనే మూడు పేర్లను విద్యార్థులు సాధారణంగా ఒక పట్టికగా కంఠస్థం చేస్తారు. పేర్లు గుర్తుంటాయి గాని, ఒక కొమ్మను చేతికిచ్చి ఇందులో పార్శ్వ రకానికి చెందిన కాంబియం ఎక్కడుందో చూపమంటే వేలు ఎక్కడ పెట్టాలో తోచదు. కాబట్టి ఈ వ్యాసంలో పట్టికను పక్కన పెట్టి, ప్రతి కణజాలాన్నీ మీ చేతులతో మీరే వెతికి పట్టుకునే పద్ధతిని వరుసగా చెబుతున్నాను. మొత్తం పరిశీలనకు రెండు మూడు వారాలు పడుతుంది. రోజుకు పావుగంట కేటాయిస్తే చాలు.

మొదటి దశ: సామగ్రిని సిద్ధం చేసుకోండి

పది పన్నెండు చిక్కుడు గింజలు, అన్నే మొక్కజొన్న గింజలు, రెండు ఉల్లిగడ్డలు తీసుకోండి. పెరట్లోనో కుండీలోనో ఏపుగా పెరుగుతున్న మందార వంటి ఒక పొద, దగ్గర్లో కొంత గడ్డి ఉంటే మంచిది. నీటికి చెరగని సిరాతో సన్నగా రాసే కలం, మిల్లీమీటర్లు గుర్తించిన కొలబద్ద, పదునైన బ్లేడు, భూతద్దం, ఎర్ర సిరా, ఒక నోటు పుస్తకం తప్పనిసరి. సూక్ష్మదర్శిని అందుబాటులో ఉంటే మూడవ దశ పూర్తిగా చేయగలరు. లేకపోయినా మిగిలిన దశలకు ఏ లోటూ రాదు. బ్లేడును పిల్లల చేతికి ఇవ్వకండి.

గింజలను ఒక రాత్రి నానబెట్టి, తడి గుడ్డలోనో తడి కాగితంలోనో చుట్టి, గాలి ఆడే చోట ఉంచండి. ఉల్లిగడ్డలను అడుగు భాగం మాత్రమే నీటిని తాకేలా గాజు గ్లాసుల మూతి మీద నిలబెట్టండి. మూడు నాలుగు రోజుల్లో అన్నిటికీ వేర్లు వస్తాయి.

రెండవ దశ: వేరు మీద గీతలు గీసి పెరుగుదల చోటును కనుక్కోండి

చిక్కుడు గింజ వేరు రెండు సెంటీమీటర్ల పొడవు అయ్యాక, తడిని మెత్తగా అద్ది, కొన నుంచి పైకి ప్రతి రెండు మిల్లీమీటర్లకూ ఒక సన్నని సిరా గీత పెట్టండి. కలం మొనను నొక్కకండి. వేరు కొన చాలా సున్నితమైనది, అది దెబ్బతింటే ఆ వేరు పెరుగుదల అక్కడితో ఆగిపోతుంది. అందుకే ఒకటి కాకుండా నాలుగైదు మొలకలకు గీతలు పెట్టడం మంచిది. గీతలు ఆరాక, వేరు కిందికి వేలాడేలా మొలకను ఒక సీసాలో అమర్చి, లోపల తడి కాగితం ఉంచి, చీకట్లో పెట్టండి.

మరునాడు అదే సమయానికి తీసి కొలవండి. పైనున్న గీతల మధ్య దూరం రెండు మిల్లీమీటర్లుగానే ఉంటుంది. కొనకు దగ్గరగా ఉన్న రెండు మూడు గీతలు మాత్రం బాగా ఎడమైపోయి, ఒక్కొక్క గీత చుక్కలు చుక్కలుగా చెదిరిపోయి ఉంటుంది. అంటే పెరిగినదంతా కొన దగ్గరి కొద్ది మిల్లీమీటర్లలోనే పెరిగింది. జర్మన్ శాస్త్రవేత్త జూలియస్ సాక్స్ పందొమ్మిదవ శతాబ్దంలో వేర్ల మీద ఇలాగే గుర్తులు పెట్టి పెరుగుదలను కొలిచాడు. అంతకు ముందే, 1727లో ఫలితాలను ప్రచురించిన ఇంగ్లండు శాస్త్రవేత్త స్టీఫెన్ హేల్స్, లేత ద్రాక్ష తీగల మీద పావు అంగుళానికొక ఎర్ర చుక్క పెట్టి ఏ చుక్కలు ఎంత దూరం జరిగాయో చూశాడు. మూడు శతాబ్దాల తరువాత కూడా ఇంతకన్నా తేలికైన, ఇంతకన్నా నమ్మకమైన ప్రయోగం నాకు కనిపించలేదు.

ఇక్కడ ఒక సూక్ష్మాన్ని తప్పక గమనించండి. గీతలు అన్నిటికన్నా ఎక్కువగా ఎడమైన చోటు సరిగ్గా కొన కాదు. కొనకు కొంచెం పైన ఉంటుంది. కారణం ఏమిటంటే, పెరుగుదలలో రెండు వేర్వేరు పనులున్నాయి. మొదటిది కణ విభజన: ఒక కణం రెండవుతుంది, ఆ రెండూ చిన్నవిగానే ఉంటాయి. రెండవది కణం సాగడం: పుట్టిన కణం నీటిని పీల్చుకుని తన మొదటి పొడవుకు ఎన్నో రెట్లు సాగుతుంది. కొనలోని అగ్ర విభాజ్య కణజాలం మొదటి పనిని చేస్తుంది. దాని పైనున్న భాగంలో రెండవ పని జరుగుతుంది. వేరు పొడవు మన కంటికి పెరిగినట్లు కనిపించేది ముఖ్యంగా ఈ రెండవ పని వల్లనే. అయితే మొదటి పని ఆగిపోతే, ఉన్న కణాలు సాగడం పూర్తయ్యాక రెండవ పనికి ముడిసరకే ఉండదు. ఇంకా పైన, సాగడం ముగిసిన భాగంలో, తెల్లని నూగులా మూలకేశాలు కనిపిస్తాయి. అవి సాగడం పూర్తయిన చోటే ఎందుకు పుడతాయో ఆలోచించండి: ఇంకా ముందుకు జరుగుతున్న చోట పుడితే మట్టి రేణువుల రాపిడికి తెగిపోతాయి.

మూడవ దశ: ఉల్లి వేరు కొనను సూక్ష్మదర్శినిలో చూడండి

ఉల్లి వేర్లు రెండు మూడు సెంటీమీటర్లు పెరిగాక, ఉదయం పూట ఒక వేరు కొనను సెంటీమీటరు మేర కోయండి. ప్రయోగశాలలో అయితే ఒక వంతు ఎసిటిక్ ఆమ్లం, మూడు వంతుల ఇథైల్ ఆల్కహాల్ కలిపిన ద్రవంలో దాన్ని ఒక రోజు ఉంచి, తరువాత సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కొన్ని నిమిషాలు మెత్తబరిచి, నీటితో కడిగి, ఎసిటోకార్మిన్ రంగు వేస్తారు. ఆమ్లంతో చేసే ఈ పనిని ఉపాధ్యాయుల పర్యవేక్షణలోనే చేయాలి. రంగు వేసిన వేరులో కొసన ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రం ముదురు ఎరుపుగా, మిగిలిన భాగం లేతగా కనిపిస్తుంది. విభజన జరిగే చోటు ఆ ముదురు భాగమే. దాన్ని మాత్రమే ఉంచుకుని మిగిలినది తీసివేయండి. గాజు పలక మీద పెట్టి, కవర్ స్లిప్ కప్పి, పైన అద్దుడు కాగితం వేసి, బొటనవేలితో నేరుగా నొక్కండి. వేలిని పక్కకు జరిపితే కణాలు చుట్టుకుపోయి ఏమీ కనిపించదు.

ఇప్పుడు కనిపించే కణాలను ఉల్లిపొర కణాలతో పోల్చి చూడండి. ఉల్లిపొర కణం పొడవుగా, ఇటుకలా ఉంటుంది. దాని మధ్య భాగమంతా పెద్ద రిక్తిక (నీటి తిత్తి) ఆక్రమించి, కేంద్రకాన్ని ఒక పక్కకు నెట్టివేస్తుంది. వేరు కొన కణం చిన్నది, దాదాపు చతురస్రంగా ఉంటుంది, కణకవచం పలుచగా ఉంటుంది, లోపల చిక్కని కణద్రవ్యమూ పెద్ద కేంద్రకమూ నిండి ఉంటాయి. రిక్తికలు కనబడవు, లేదా చాలా చిన్నవిగా ఉంటాయి. కణానికీ కణానికీ మధ్య ఖాళీ చోటు ఉండదు. ఈ లక్షణాలను విడివిడిగా గుర్తుపెట్టుకోవలసిన అవసరం లేదు, ఎందుకంటే అన్నీ ఒకే కారణం నుంచి వస్తాయి. ఇది మళ్లీ మళ్లీ విభజన చెందవలసిన కణం. కవచం మందంగా ఉంటే మధ్యలో కొత్త గోడ కట్టుకుని రెండుగా విడివడడం, ఆపైన సాగడం కష్టమవుతుంది. నీటి తిత్తి వంటి పెద్ద రిక్తిక ఉంటే విభజనకు కావలసిన కణద్రవ్యానికి చోటు చాలదు. ఆహారాన్ని నిలవ చేసే పని ఈ కణానికి లేదు, ఎందుకంటే వచ్చినదంతా వచ్చినట్లే కొత్త కణాల నిర్మాణానికి ఖర్చవుతుంది.

ఓపికగా వెతికితే కొన్ని కణాల్లో కేంద్రకం బదులు దారపు ముక్కల వంటి క్రోమోజోములు కనిపిస్తాయి. ఉల్లి కణంలో అవి 16. కొన్ని కణాల్లో అవి మధ్య వరుసలో నిలిచి, కొన్నింటిలో రెండు గుంపులుగా విడిపోతూ, మరికొన్నింటిలో రెండు చివరలకూ చేరి ఉంటాయి. చాలా కణాలు మాత్రం మామూలు కేంద్రకంతో నిశ్చలంగా ఉన్నట్లు కనిపిస్తాయి. అవి పనిలేకుండా లేవు, తరువాతి విభజనకు సిద్ధమవుతున్నాయి. సమవిభజనలో ఏ దశలో ఎన్ని కణాలున్నాయో లెక్కపెట్టి పుస్తకంలో రాసుకోండి. ఎక్కువ కణాలు కనిపించిన దశ ఎక్కువ సేపు సాగుతుందని ఆ లెక్క నుంచే తేల్చవచ్చు.

వేరు కొన గురించి మరో రెండు విషయాలు. అగ్ర విభాజ్య కణజాలం వేరుకు సరిగ్గా చివరన ఉండదు. దాని ముందు వేరు తొడుగు ఉంటుంది. మట్టిలోకి దూసుకుపోయేటప్పుడు ఈ తొడుగు బయటి కణాలు రాలిపోతుంటాయి, లోపలి నుంచి కొత్తవి వస్తుంటాయి. అంటే వేరులోని ఈ కణజాలం వెనుక వైపు వేరు శరీరానికీ, ముందు వైపు తొడుగుకూ, రెండు దిక్కులా కణాలను అందిస్తుంది. రెండవది: ఆ కణజాలం నడిమధ్యన చాలా అరుదుగా విభజన చెందే కొన్ని కణాలుంటాయని బ్రిటిష్ శాస్త్రవేత్త క్లోవ్స్ 1950లలో మొక్కజొన్న వంటి మొక్కల వేర్లలో చూపించాడు. చుట్టూ ఉన్న కణాలు దెబ్బతిన్నప్పుడు ఈ నెమ్మది కణాలే చురుకై నష్టాన్ని పూడుస్తాయి. ఎప్పుడూ పరుగెత్తే కణాల మధ్య కొన్నిటిని విశ్రాంతిలో ఉంచే ఈ ఏర్పాటు వృక్షశాస్త్రంలో నాకు అత్యంత ఇష్టమైన విషయాల్లో ఒకటి.

నాలుగవ దశ: కొమ్మ కొనను విప్పి చూడండి

కాండం కొనలో తొడుగు ఉండదు. దాన్ని కాపాడేవి లేత ఆకులే. ఒక మొగ్గను తీసుకుని, బయటి ఆకు నుంచి మొదలుపెట్టి సూది మొనతో ఒక్కొక్కటిగా విప్పుతూ లోపలికి వెళ్లండి. ఈ పనికి క్యాబేజీ బాగా పనికివస్తుంది, ఎందుకంటే అది కూడా ఒక పెద్ద మొగ్గే. దాన్ని నిలువుగా రెండుగా కోస్తే మధ్యన పొట్టి కాండం, దాని కొసన అగ్ర భాగం, ప్రతి ఆకు మొదట్లోనూ ఒక చిట్టి మొగ్గ కనిపిస్తాయి. అసలైన విభాజ్య కణజాలం మిల్లీమీటరులో కొద్ది భాగం మాత్రమే కాబట్టి కంటికి అది ఒక తెల్లని చుక్కగానే ఉంటుంది.

ఆ చుక్క నుంచి పుట్టే కణాలు కొద్ది దూరం రాగానే మూడు దారులు పడతాయి. వెలుపలి వరుస బాహ్యచర్మం అవుతుంది. దీనిని ప్రోటోడర్మ్ అంటారు. నిలువుగా పోగుల్లా సాగే కణాలు నీటినీ ఆహారాన్నీ మోసే నాళాలుగా మారతాయి, అది ప్రోకాంబియం. మిగిలినవి వల్కలం (బాహ్యచర్మం కింది భాగం), దవ్వ (కాండం నడిమధ్య భాగం) వంటి నింపుడు భాగాలవుతాయి. ఒకే చోట పుట్టిన కణాలు ఇలా వేర్వేరు రూపాలు పొందడాన్ని విభేదనం అంటారు. విభేదనం పూర్తయి, విభజన శక్తిని వదులుకున్న కణాలతో ఏర్పడినదే శాశ్వత కణజాలం.

ఇప్పుడు ఒక చిన్న ప్రయోగం చేయండి. ఒకే వయసున్న నాలుగు చిక్కుడు మొక్కలను ఎంచుకుని, రెండింటికి కొనను గిల్లివేసి, రెండింటిని అలాగే వదిలేయండి. ప్రతి రోజూ ఆకుల గ్రీవాల్లోని, అంటే ఆకు కాండంతో కలిసే మూలల్లోని, మొగ్గలను గమనించండి. వారం పది రోజుల్లో, గిల్లిన మొక్కల్లో ఆ గ్రీవకోరకాలు పక్కకొమ్మలుగా సాగుతాయి; గిల్లని వాటిలో అవి నిద్రలోనే ఉంటాయి. కొన భాగం తయారుచేసే ఆక్సిన్ అనే హార్మోను కిందికి ప్రవహిస్తూ పక్క మొగ్గలను అణచి ఉంచుతుంది; దీనికి అగ్రాధిక్యత అని పేరు. 1933లో థీమన్, స్కూగ్ అనే శాస్త్రవేత్తలు కొన తీసివేసిన మొక్కలకు ఆ కోసిన చోట ఆక్సిన్‌ను అందించగా పక్క మొగ్గలు మళ్లీ అణిగి ఉన్నాయి. ఆక్సిన్ ఒక్కటే కాక, కొనకు పోతున్న చక్కెర పక్కకు మళ్లడం వంటి కారణాలు కూడా ఇందులో ఉన్నాయని తరువాతి పరిశోధనలు చూపించాయి.

తోటపనిలో దీని ఉపయోగం సూటిగా ఉంటుంది. గుబురైన మొక్క కావాలంటే కొన గిల్లండి. నిటారుగా, పొడవుగా ఎదగాలంటే కొనను ముట్టుకోకండి. గిల్లేటప్పుడు కనీసం రెండు మూడు కణుపులను మిగల్చాలి, ఎందుకంటే పక్కకొమ్మలు వచ్చేది కణుపుల దగ్గరి మొగ్గల నుంచే. కొబ్బరి, ఖర్జూరం వంటి తాటి కుటుంబపు చెట్లకు మాత్రం ఈ సూత్రాన్ని ఎప్పుడూ వర్తింపజేయకండి. కొబ్బరి మానుకు ఒకే ఒక్క అగ్ర మొగ్గ ఉంటుంది. దాన్ని కోసినా, పురుగు తొలిచినా మొత్తం చెట్టు చనిపోతుంది.

కొన కణజాలానికి ఇంకొక గొప్ప ఉపయోగం ఉంది. వైరస్ సోకిన మొక్కలో కూడా ఆ అతి చిన్న కొసలో వైరస్ సాధారణంగా ఉండదు, లేదా చాలా తక్కువగా ఉంటుంది. ఫ్రాన్సులో మోరెల్, మార్టిన్ 1952లో డాలియా మొక్కల కొసలను వేరుచేసి, పోషక ద్రవ్యం మీద పెంచి, వైరస్ లేని మొక్కలను సాధించారు. ఇప్పటి కణజాల వర్ధన ప్రయోగశాలల్లో అరటి, బంగాళాదుంప, చెరకు మొక్కలను ఆరోగ్యంగా అందించే పద్ధతికి ఇదే పునాది.

ఐదవ దశ: గడ్డి ఆకు రహస్యాన్ని పట్టుకోండి

మేకలు మేసిన గడ్డి మళ్లీ పెరుగుతుంది. కొన పోతే పెరుగుదల ఆగాలి కదా అని నాలుగవ దశ చదివినవారు అడగవచ్చు. జవాబు మొక్కజొన్న మొలకలో దొరుకుతుంది. మధ్య సుడిలోంచి సగం బయటికి వచ్చిన ఆకును ఎంచుకుని, అది సుడిలోంచి వెలువడే చోట ఒక గీత, అక్కడి నుంచి పైకి సెంటీమీటరుకొక గీత పెట్టండి. ఆకు చివరను కత్తెరతో అడ్డంగా కత్తిరించండి. మరునాడు చూస్తే గీతల మధ్య దూరం ఏమాత్రం మారదు; కాని గీతలన్నీ కలిసికట్టుగా పైకి జరిగి, అడుగు గీతకు కింద సిరా అంటని కొత్త ఆకు కనిపిస్తుంది. కత్తిరించిన అంచు కూడా కత్తిరించినట్లే ఉండి, పైకి వెళుతుంది. వేరులో కొన దగ్గర పెరుగుదల చూశారు. ఇక్కడ అడుగు నుంచి పెరుగుదల చూస్తున్నారు.

ఆకు మొదట్లో, సుడి లోపల దాగి ఉన్న ఈ కణజాలమే మధ్యస్థ విభాజ్య కణజాలం. శాశ్వత కణజాలాల మధ్య చిక్కుకుని ఉండటం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. గడ్డి జాతి మొక్కల్లో ఇది ఆకుల మొదళ్లలోనూ, కాండంలో ప్రతి కణుపునకూ కొంచెం పైన కూడా ఉంటుంది. వెదురు మొలక రోజుల వ్యవధిలో మనిషి ఎత్తు దాటడానికి కారణం కొన ఒక్కటే కాదు. దాని కణుపుల మధ్య భాగాలు అనేకం ఒకే సమయంలో సాగుతాయి. లేత కణుపు వద్ద గడ్డి కాండాన్ని పట్టుకుని మెల్లగా లాగితే అది సరిగ్గా కణుపు పైన, ఆకు తొడుగు లోపల, తెల్లగా తియ్యగా ఉన్న చోట ఊడి వస్తుంది. ఆ మెత్తని చోటే మీరు వెతుకుతున్నది.

మధ్యస్థ విభాజ్య కణజాలం గడ్డికే పరిమితం కాదు. వేరుశనగ పువ్వు ఫలదీకరణ చెందాక, అండాశయానికి కింద ఉన్న ఇటువంటి కణజాలం చురుకై, ఊడగా సాగి, అండాశయాన్ని నేలలోకి దించుతుంది. పువ్వు నేల పైన పూసి, కాయ నేల లోపల కాయడానికి ఇంతటి చిన్న కణజాలం కారణం. అయితే ఈ కణజాలానికి ఆయుష్షు తక్కువ. ఆకు పూర్తి పొడవుకు వచ్చాక, కణుపు మధ్య భాగం ముదిరాక, అది కూడా శాశ్వత కణజాలంగా మారిపోతుంది. అందుకే పచ్చికను కత్తిరించేటప్పుడు నేలకు మరీ దగ్గరగా కోయకూడదు: ఆకుల మొదళ్లూ, వాటి లోపల నేలను అంటి ఉన్న పెరుగుదల కొనలూ కోతకు గురైతే గడ్డి తేరుకోలేదు.

ఆరవ దశ: బెరడు కింద జారుడు పొరను తాకి చూడండి

ఈ దశలో నిదానంగా ఉండండి, ఎందుకంటే తోటపనిలో ఎక్కువ ఉపయోగపడేది, ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే.

ముందుగా చిక్కుడు కాండాన్నీ మొక్కజొన్న కాండాన్నీ కోసి, ఎర్ర సిరా కలిపిన నీటిలో కొన్ని గంటలు నిలబెట్టండి. తరువాత పలుచని అడ్డుకోతలు తీసి భూతద్దంతో చూడండి. రెండింటిలోనూ నీటిని మోసే దారువు ఎర్రబడుతుంది. మొక్కజొన్నలో ఎర్ర చుక్కలు కాండమంతా చెల్లాచెదురుగా ఉంటాయి. చిక్కుడులో అవి ఒక వలయంగా ఏర్పడతాయి. చిక్కుడులో ఆ ఎర్ర భాగానికి వెలుపలి వైపు, ఆహారాన్ని మోసే పోషక కణజాలానికి లోపలి వైపు, రెండింటి నడుమ కాంబియం అనే విభాజ్య పొర ఉంది. మొక్కజొన్నలో అది లేదు. అందుకే మొక్కజొన్న కాండం ఏటేటా లావెక్కే మాను కాలేదు.

కాంబియం ఒక్కొక్క విభజనలో లోపలి వైపు దారువునో వెలుపలి వైపు పోషక కణజాలాన్నో ఏర్పరుస్తుంది. లోపలికి ఇచ్చేది బయటికి ఇచ్చేదానికంటే చాలా ఎక్కువ. లోపలి దారువు పోగుపడి కలప అవుతుంది; వెలుపలి పాత పోషక కణజాలం నలిగి బెరడులో కలిసిపోతుంది. రుతువుల తేడా స్పష్టంగా ఉన్న ప్రాంతాల్లో పెరుగుదల వేగం మారే కొద్దీ కలపలో వార్షిక వలయాలు ఏర్పడతాయి. మాను లావెక్కుతున్నప్పుడు కాంబియం వలయం కూడా పెద్దది కావాలి కాబట్టి, అది అప్పుడప్పుడు పక్కకు కూడా విభజన చెంది తన చుట్టుకొలతను తానే పెంచుకుంటుంది. అటవీ శాఖలవారు చాలా దేశాల్లో మాను చుట్టుకొలతను నేలకు 1.3 మీటర్ల ఎత్తున కొలుస్తారు. ఆ ఎత్తున ఉన్న చోటు ఎన్నేళ్లయినా పైకి జరగదు గనుక పాత కొలతను కొత్త కొలతతో పోల్చగలుగుతారు. ఈ వ్యాసం మొదట్లో చెప్పిన అక్షరాలు అడ్డంగా మాత్రమే సాగడానికి కారణం కూడా కాంబియమే.

ఇప్పుడు మందార కొమ్మ ఒకటి, పెన్సిలు లావు ఉన్నది, ఏపుగా పెరిగే కాలంలో తీసుకుని, బెరడును చుట్టూ గాటుపెట్టి ఒలవండి. బెరడు తేలికగా ఊడి, కింద తడిగా, జారుడుగా ఉన్న తెల్లని కలప బయటపడుతుంది. బెరడు సరిగ్గా అక్కడే ఎందుకు ఊడిందంటే, కాంబియం దగ్గర కొత్తగా పుట్టిన కణాల కవచాలు ఇంకా పలుచగా ఉండి సులభంగా చిరుగుతాయి. పెరుగుదల మందగించిన కాలంలో ఇదే పని చేస్తే బెరడు మొండిగా అతుక్కుని ఉంటుంది. కన్ను అంటు కట్టేవారు బెరడు లేచే కాలం కోసం ఎదురుచూసేది ఇందుకే.

కొమ్మను చెట్టు మీద ఉండగానే వేర్లు పుట్టించే గాలి అంటు తొక్కేటప్పుడు ఈ జ్ఞానం వెంటనే అక్కరకు వస్తుంది. కొమ్మ చుట్టూ రెండు మూడు సెంటీమీటర్ల వెడల్పున బెరడును వలయంగా తీశాక, చాలామంది నేరుగా తడి నాచు కట్టేస్తారు. కొన్ని వారాల తరువాత విప్పి చూస్తే వేర్లు ఉండవు. తీసిన చోట కొత్త బెరడు వచ్చి ఉంటుంది. కలప మీద మిగిలిపోయిన కాంబియం మళ్లీ విభజన చెంది పై బెరడునూ కింది బెరడునూ కలిపివేసిందన్నమాట. అందుచేత బెరడు తీశాక ఆ జారుడు పొరను కత్తి వీపుతో పూర్తిగా గీకి, గుడ్డతో తుడవండి. అప్పుడు ఆకుల నుంచి కిందికి దిగే ఆహారమూ ఆక్సినూ వలయానికి పై అంచున నిలిచిపోయి, అక్కడ వేర్లు పుట్టడానికి తోడ్పడతాయి. నీరు మాత్రం లోపలి కలప గుండా ఎప్పటిలాగే పైకి వెళుతుంది కాబట్టి కొమ్మ వాడదు.

కొమ్మ అంటు కట్టేటప్పుడు మాట తలకిందులవుతుంది: ఇక్కడ కాంబియాన్ని కాపాడాలి. వేర్లున్న కింది మొక్క కాంబియం, పైన అమర్చే కొమ్మ కాంబియం ఒకదానినొకటి తాకి ఉంటేనే కొత్త కణాలు పుట్టి, రెండింటి నాళాలూ కలుస్తాయి. రెండు ముక్కల లావు సమానంగా లేకపోతే మధ్యకు పెట్టకండి. కనీసం ఒక పక్క అయినా కాంబియం గీతలు కలిసేలా జరపండి. లావైన కాండానికి బెరడు మందంగా ఉంటుంది గనుక, బయటి బెరడు అంచులు కలిపితే లోపలి గీతలు కలవవు. చూడవలసింది కలపకూ బెరడుకూ మధ్యనున్న గీతను.

ఏడవ దశ: బెండు పొరను గుర్తించండి

కలప లోపల పెరిగే కొద్దీ బాహ్యచర్మం తట్టుకోలేక చిట్లుతుంది. ఆలోపే దాని కింద, సాధారణంగా వల్కలంలో, బెండు పొర అనే మరొక పార్శ్వ విభాజ్య కణజాలం ఏర్పడి ఉంటుంది. అది వెలుపలి వైపు బెండు కణాలను ఇస్తుంది. బెండు కణాల కవచాల్లో నీరు చొరనివ్వని సుబెరిన్ చేరుతుంది; ఆ కణాలు చనిపోయి మొక్కకు రక్షణ కవచం అవుతాయి. మందార లేత కొమ్మ ఆకుపచ్చగా ఉండి, కిందికి వచ్చేకొద్దీ గోధుమరంగుకు మారే చోటును చూడండి. బెండు పొర పని మొదలుపెట్టినది అక్కడే. ఆ గోధుమరంగు మీద గరుకుగా తగిలే చిన్న బుడిపెలు లోపలి కణాలకు గాలి అందించే వాయురంధ్రాలు.

1665లో రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శినిలో చూసి ‘కణం’ అని పేరు పెట్టినవి ఈ బెండు గదులే. జీవశాస్త్రానికి కణం అనే మాటను ఇచ్చినవి, ఒక విభాజ్య కణజాలం పుట్టించి వదిలిన నిర్జీవ కణాల గోడలన్నమాట. మధ్యధరా సముద్ర తీర దేశాల్లో బెండు ఓక్ చెట్ల నుంచి బెండును సుమారు తొమ్మిదేళ్లకొకసారి ఒలుస్తారు. ఒలిచేవారు లోపలి కాంబియాన్ని గాయపరచకుండా వెలుపలి బెండును మాత్రమే తీస్తారు గనుకనే చెట్టు బతికి, కొత్త బెండు పొరను ఏర్పరచుకుని, మళ్లీ బెండును ఇస్తుంది.

ఈ బెండు పొర పుట్టుకలో ఒక విశేషం ఉంది. కొన కణజాలం పిండదశ నుంచీ విభజన శక్తిని వదలనిది. అందువల్ల దాన్ని ప్రాథమిక విభాజ్య కణజాలం అంటారు. బెండు పొర అలా కాదు. అప్పటికే స్థిరపడిన కణాలు మళ్లీ విభజన శక్తిని తిరిగి పొందడం వల్ల ఏర్పడుతుంది కాబట్టి అది ద్వితీయ విభాజ్య కణజాలం. కాండంలోని కాంబియం వలయం రెండు రకాల కలయిక: నాళికా పుంజాల (దారువు, పోషక కణజాలం కలిసిన కట్టల) లోపలి భాగం ప్రాథమికమైనది, పుంజాల మధ్య ఖాళీలను కలిపే భాగం ద్వితీయమైనది.

ఎనిమిదవ దశ: గాయపడిన మాను మీద ఈ జ్ఞానాన్ని వినియోగించండి

చెట్టు బెరడును పశువో యంత్రమో చీల్చినప్పుడు ముందుగా గాయం ఎంత మేర చుట్టివచ్చిందో చూడండి. వెలుపలి గోధుమరంగు పొర మాత్రమే పోయి లోపల పచ్చగా ఉంటే భయం లేదు. బెండు పొర తిరిగి ఏర్పడుతుంది. ఒక పక్క కలప దాకా బయటపడితే, చిరిగిన అంచులను పదునైన కత్తితో నున్నగా సరిచేసి వదలండి. అంచుల్లోని కాంబియం గాయం మీదికి మెల్లగా పెదవుల్లా పెరుగుతుంది. మాను చుట్టూ పూర్తి వలయంగా బెరడు పోతే మాత్రం ఆకులు కొంతకాలం పచ్చగా కనిపించినా మోసపోకండి. నీరు కలప గుండా పైకి చేరుతూనే ఉంటుంది. ఆహారం మాత్రం వేర్లకు దిగదు. వేర్లలో నిలవ ఉన్నది అయిపోగానే చెట్టు ఎండిపోతుంది.

కాంబియం ఉన్న ద్విదళబీజ వృక్షమైతే వంతెన అంటుతో దాన్ని కాపాడే ప్రయత్నం చేయవచ్చు. అదే చెట్టు నుంచి ఏడాది వయసున్న సన్నని కొమ్మలను గాయం పొడవు కంటే కొంచెం ఎక్కువగా కోయండి. రెండు చివరలనూ ఏటవాలుగా చెక్కి, ఒక చివరను గాయానికి కింది బెరడులోనూ, మరొక చివరను పై బెరడులోనూ, కాంబియం గీతలు కలిసేలా చొప్పించి, చిన్న మేకులతో బిగించి, గాలీ నీరూ చొరకుండా అంటు మైనం పూయండి. చుట్టూ ఐదారు సెంటీమీటర్లకొక కొమ్మను అమర్చండి. కొమ్మను కోసేటప్పుడే దాని కింది చివరకు గుర్తు పెట్టుకోవడం మరవకండి. చెట్టు మీద అది ఏ దిక్కుగా పెరిగిందో, వంతెనలోనూ అదే దిక్కుగా, మొదలు కిందికీ కొన పైకీ ఉండేలా నిలబెట్టాలి.